ఆకాశానికి అద్దం... అద్దానికి కెమెరా!

పుట్టినరోజుకో, పరీక్షల్లో మంచి మార్కులొచ్చినందుకో కొన్న టెలిస్కోపు మొదటి వారం రోజులూ ఇంటిల్లిపాదికీ పండగే. చందమామ మీది గుంటలు చూసి అమ్మమ్మ ముక్కున వేలేసుకుంటుంది. శనిగ్రహం చుట్టూ వలయం కనిపించిన రాత్రి పక్కింటివాళ్లు కూడా డాబా ఎక్కుతారు. ఆర్నెల్లు తిరక్కుండానే అది కాస్తా అటకెక్కుతుంది. మళ్లీ కిందికి దిగేది ఎప్పుడంటే, ఇంట్లో ఎవరో ఒకరికి ‘చూసిందాన్ని ఫొటో తీస్తే ఎంత బాగుండు’ అనిపించినప్పుడు.

అసలు తంటా అప్పుడు మొదలవుతుంది. సెల్‌ఫోన్‌ను కటకానికి ఆనించి చూస్తారు, చెయ్యి వణుకుతుంది. పెళ్లిళ్లకు ఫొటోలు తీసే బాబాయిని అడిగి పెద్ద కెమెరా తెచ్చి బిగిస్తారు, అసలు బొమ్మే కుదరదు. ఆకాశాన్ని తీయడానికే ప్రత్యేకంగా తయారుచేసిన చిన్న కెమెరాలు ఉన్నాయని చివరికి తెలుస్తుంది. ధర చూస్తే కొన్ని టెలిస్కోపుతో సమానం, కొన్ని అంతకన్నా ఎక్కువ! కొనాలా, వద్దా? కొంటే అది కూడా అటకెక్కదని నమ్మకం ఏమిటి?

ఈ ప్రశ్నను పల్నాడు జిల్లా ధరణికోటలో ఓ డాబా మీద నిలబడి అడిగితే జవాబు తేలిగ్గా దొరుకుతుంది. ఎందుకంటే ఇదే తంటా ఆ ఊరికి దగ్గర్లోనే నూటయాభై ఏళ్ల కిందట ఒకరు పడ్డారు.

కాలచక్రం తిరిగిన చోట

అమరావతిని ఆనుకుని కృష్ణ ఒడ్డున ఉన్న ధరణికోట ఒకప్పటి ధాన్యకటకం. శాతవాహనుల రాజధాని. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించింది ఇక్కడి స్తూపం దగ్గరేనని టిబెటన్ల నమ్మకం. 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర దీక్ష ఇవ్వడానికి ఈ చోటే ఎంచుకోవడం వెనకున్న కారణం అదే. ఆ గ్రంథంలో సూర్యచంద్రుల నడక, గ్రహాల లెక్కలు విస్తారంగా ఉంటాయి. టిబెటన్ల పంచాంగానికి ఇప్పటికీ ఆ లెక్కలే ఆధారం. అంటే ఆకాశాన్ని లెక్కగట్టడమన్నది ఈ ఊరి పేరుతో ఎప్పుడో ముడిపడిపోయింది.

ఇక ఆకాశాన్ని ఫొటో తీయడం సంగతి. దానికి ధరణికోట నుంచి దక్షిణంగా గుంటూరు దాకా వెళ్తే చాలు. ముప్పై అయిదు కిలోమీటర్ల లోపే.

గుంటూరులో ఆరు పలకలు

1868 ఆగస్టు 18. సంపూర్ణ సూర్యగ్రహణం. చంద్రుడి నీడ బీజాపూర్ వైపు నుంచి వచ్చి గుంటూరు, మచిలీపట్నాల మీదుగా సముద్రంలోకి వెళ్లింది. ధరణికోట కూడా ఆ చీకటి దారిలోనే ఉంది. గ్రహణం చూడటానికి యూరప్ శాస్త్రవేత్తలు ఓడలెక్కి మరీ ఇక్కడికొచ్చారు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులోనే మకాం వేశాడు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల వెలుగును విడగొట్టి చూసి, అవి మండుతున్న వాయువులని తేల్చాడు. అంతటితో ఆగక మర్నాడు, గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ చూడగలిగాడు. గుంటూరు పేరు ఖగోళ చరిత్రకు ఎక్కింది ప్రధానంగా ఆయన వల్లే.

అదే రోజు అదే ఊళ్లో మరో బృందం కూడా ఉంది. దాని నాయకుడు మేజర్ జేమ్స్ ఫ్రాన్సిస్ టెనెంట్, సైన్యంలో ఇంజినీరు. ఆయన వెంట తెచ్చినవాటిలో ఒకటి తొమ్మిది అంగుళాల వెండిపూత అద్దంతో చేసిన రిఫ్లెక్టర్ టెలిస్కోపు. దాని పని కంటికి చూపించడం కాదు, ఫొటో తీయడం. ఇవాళ డాబా మీద పిల్లలు చేయాలనుకుంటున్న పనే!

అప్పటి ఫొటో అంటే మాటలు కాదు. గాజుపలక మీద కొలోడియన్ అనే జిగురు పూయాలి. వెండి లవణం కలిపిన నీళ్లలో ముంచాలి. తడి ఆరకముందే టెలిస్కోపులో పెట్టి వెలుగు పడనివ్వాలి. ఆ వెంటనే చీకటి గదికి పరుగెత్తి కడగాలి. ఆగస్టు నెలలో గుంటూరు ఎండకు ఆ పలక ఎంత తొందరగా ఆరిపోతుందో ఊహించుకోవచ్చు. సంపూర్ణ గ్రహణం ఉండేది అయిదు నిమిషాలకు కాస్త పైన. పొరపాటు జరిగితే దిద్దుకోవడానికి మరో రోజు లేదు. పైగా ఆకాశంలో పలుచని మబ్బు.

అంతటి హడావుడిలోనూ టెనెంట్ మనుషులు ఆరు పలకలు తీశారు. మబ్బు వల్ల వెలుగు చాలక అవి కాస్త మసగ్గానే వచ్చాయి. అయినా సూర్యుడి అంచున కొమ్ములా లేచిన ఓ పెద్ద జ్వాల వాటిల్లో పడింది. ‘గ్రేట్ హార్న్’ అని దానికి పేరు కూడా పెట్టారు.

ఆయన ముందున్న చిక్కులు మూడు. పలకను సరిగ్గా వెలుగు కుదురుకునే చోట పెట్టడం, బొమ్మ ఎంత సైజులో పడుతుందో ముందే లెక్కేసుకోవడం, కదిలే ఆకాశంతోపాటు టెలిస్కోపును కదిలించడం. పలక పోయి సెన్సర్ వచ్చింది కానీ చిక్కులు మాత్రం ఆ మూడే. వాటిని తెలుసుకోకుండా కెమెరా కొంటే అటక తప్పదు!

మొదటి జోడీ: జాగా

రిఫ్లెక్టర్ టెలిస్కోపు నిర్మాణం చాలా తేలిక. 1668లో న్యూటన్ చేసిన పద్ధతే ఇప్పటికీ. గొట్టం అడుగున పుటాకార దర్పణం. అది పోగుచేసిన వెలుగును పైనున్న చిన్న ఏటవాలు అద్దం పక్కకు తిప్పుతుంది. గొట్టం పక్కన ఉండే ఐపీస్‌లోంచి మనం చూస్తాం. వెలుగంతా వచ్చి ఒకచోట కలిసే బిందువు ఆ ఐపీస్ బిగించే గొట్టం అంచుకు కొద్ది దూరంలోనే ఉంటుంది.

బాబాయిగారి పెద్ద కెమెరా ఓడిపోయేది ఇక్కడే. అద్దం పైకీ కిందికీ కదిలే ఆ కెమెరాల్లో సెన్సర్ చాలా లోపలికి ఉంటుంది. కెనాన్ కెమెరాల్లో లెన్సు బిగించే అంచు నుంచి సెన్సర్ దాకా 44 మిల్లీమీటర్లు. మధ్యలో బిగించే రింగుతో కలిపితే 55 మిల్లీమీటర్లు. వెలుగు కలిసే బిందువేమో అంత దూరం రాదు. ఫోకసర్‌ను ఎంత లోపలికి తిప్పినా బొమ్మ మసకే. కెమెరాలో లోపం లేదు, టెలిస్కోపులో లోపం లేదు. రెంటికీ జోడీ కుదరలేదంతే!

ఖగోళ కెమెరా చూడటానికి చిన్న డబ్బీలా ఉంటుంది. గ్రహాలను తీసే రకాలు వంద గ్రాములకు కాస్త అటూఇటూ తూగుతాయి. లెన్సు ఉండదు, తెర ఉండదు, బ్యాటరీ ఉండదు. సెన్సర్ దాదాపు ముందు అంచు దగ్గరే ఉంటుంది. దాని ముక్కు గొట్టం అంగుళంపావు. మామూలు ఐపీస్ కూడా అంతే. అందుకే ఐపీస్ తీసేసి ఆ రంధ్రంలోనే దీన్ని దూర్చవచ్చు. తీగ లాప్‌టాప్‌కు తగిలిస్తే అక్కడి నుంచే కరెంటు, అక్కడే బొమ్మ. చిన్న టెలిస్కోపుల ప్లాస్టిక్ ఫోకసర్ పెద్ద కెమెరా బరువుకు వంగిపోతుంది. ఈ డబ్బీకి ఆ బెంగ లేదు.

రెండో జోడీ: కొలత

‘ఎన్ని మెగాపిక్సెళ్లు?’ అన్నది దుకాణంలో అందరూ అడిగే ప్రశ్న. టెలిస్కోపు విషయంలో అది అడగాల్సిన ప్రశ్న కాదు. ఒక్కో పిక్సెల్ ఆకాశంలో ఎంత ముక్కను చూస్తుంది అన్నది అసలు ప్రశ్న.

మన పంచాంగాల్లో భాగను 60 కళలుగా, కళను 60 వికళలుగా విభజిస్తారు. ఒక వికళ అంటే డిగ్రీలో 3600వ వంతు. పది రూపాయల బిళ్లను అయిదున్నర కిలోమీటర్ల అవతల పెడితే ఎంత కనిపిస్తుందో అంత! 130 మిల్లీమీటర్ల అద్దమున్న టెలిస్కోపు విడదీసి చూపగలిగింది ఇంచుమించు 0.9 వికళ. అంతకన్నా సన్నని వివరం ఆ అద్దానికి అందదు. ఏ కెమెరా పెట్టినా అందదు.

ఇప్పుడు లెక్క. పిక్సెల్ సైజును మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించాలి. వచ్చినదాన్ని టెలిస్కోపు నాభ్యంతరంతో, అంటే అద్దం నుంచి వెలుగు కలిసే బిందువు దాకా మిల్లీమీటర్లలో ఉన్న దూరంతో భాగించాలి. అంతే! 130 మిల్లీమీటర్ల చిన్న రిఫ్లెక్టర్లలో ఎక్కువవాటి నాభ్యంతరం 650. గ్రహాల కెమెరాల్లో బాగా వాడే ఓ రకం సెన్సర్ పిక్సెల్ 2.9 మైక్రాన్లు. లెక్కేస్తే పిక్సెల్‌కు 0.92 వికళ వస్తుంది.

గురుగ్రహం భూమికి దగ్గరగా వచ్చినప్పుడు 45 నుంచి 50 వికళల వెడల్పున కనిపిస్తుంది. అంటే ఈ కెమెరాలో దాని బొమ్మ 50 పిక్సెళ్లు. తెర మీద శనగగింజంత! అందుకే మధ్యలో మూడింతలు చేసే బార్లో లెన్సు పెట్టాలి. అప్పుడు గురుడు 150 పిక్సెళ్లవుతాడు. మేఘాల పట్టీలు విడివిడిగా కనిపిస్తాయి. అయిదింతలది పెడితే ఇంకా బాగుంటుందనుకుంటే పొరపాటే. అద్దం ఇవ్వని వివరాన్ని లెన్సు పుట్టించలేదు. బొమ్మ పెద్దదవుతుంది, మసకా పెద్దదవుతుంది.

దీనికో మరో వైపు ఉంది. ఆ సెన్సర్ పొడవు అయిదున్నర మిల్లీమీటర్ల చిల్లరే. బార్లో లేకుండా చూసినా దానికి అందేది అర డిగ్రీ పొడవు, అందులో సగం కన్నా కాస్త ఎక్కువ వెడల్పు. చందమామే అర డిగ్రీ. కాబట్టి నిండు చంద్రుడు ఒక్క ఫొటోలో పట్టడు. ముక్కలు ముక్కలుగా తీసి కలుపుకోవాలి. ఒరయన్ నెబ్యులా ఇంకా పెద్దది, దాని నడిమి భాగమే దొరుకుతుంది. పెళ్లి ఫొటోలో మండపమంతా కావాలనుకునేవారు ఇది ముందే తెలుసుకోవాలి. ఈ కెమెరా పెళ్లికూతురి బుగ్గచుక్కను తీస్తుంది, మండపాన్ని కాదు.

చిన్న సెన్సర్ వల్ల ఓ లాభం కూడా ఉంది. ఇలాంటి పొట్టి రిఫ్లెక్టర్లలో మధ్యలో ఉన్న నక్షత్రం చుక్కలా ఉన్నా, అంచుల్లో ఉన్నవి తోకచుక్కల్లా సాగుతాయి. పెద్ద సెన్సర్ ఆ అంచులన్నీ పట్టుకుంటుంది. చిన్నది మధ్య భాగాన్నే తీసుకుంటుంది కాబట్టి ఆ లోపం బయటపడదు. చిన్న టెలిస్కోపుకు చిన్న సెన్సరే ఈడూజోడూ!

మూడో జోడీ: కదలిక

ఆకాశం ఆగదు. భూమి తిరుగుతోంది కాబట్టి నడినెత్తి దారిలో ఉన్న నక్షత్రం సెకనుకు 15 వికళల చొప్పున జరిగిపోతుంది. పై లెక్క ప్రకారం అది సెకనుకు 16 పిక్సెళ్లు. గురుడిని తెర ఓ చివర నిలబెడితే రెండు నిమిషాల్లో రెండో చివర దాటిపోతాడు. బార్లో పెడితే ఆ పరుగు నలభై సెకన్లలో ముగుస్తుంది.

ఇక్కడే ఇంటి బడ్జెట్‌కు సంబంధించిన ముఖ్యమైన మాట. ఏం తీయాలన్నది ముందు తేల్చుకోవాలి.

చంద్రుడు, గురుడు, శని, అంగారకుడు... వీటికి వెలుగు ఎక్కువ. సెకనులో వందో వంతు వెలుగు పడితే చాలు. ఆ కొంచెం సేపట్లో గ్రహం కదిలేది పిక్సెల్‌లో సగం కూడా ఉండదు. కాబట్టి చేత్తో తిప్పే మామూలు స్టాండు మీద కూడా పని జరుగుతుంది. గ్రహాన్ని ఓ చివర పెట్టి, అది మెల్లగా దాటిపోతుంటే వీడియో తీయడమే. మోటారు ఉంటే సుఖం, లేకపోయినా నడుస్తుంది.

నెబ్యులాలు, గెలాక్సీలు కావాలంటే కథ వేరు. ఒక్కో ఫొటోకు పదుల సెకన్లు వెలుగు పడాలి. అక్కడ మోటారుతో తిరిగే గట్టి మౌంట్ లేనిదే అడుగు ముందుకు పడదు. అలాంటివాళ్లు డబ్బు మొదట పెట్టాల్సింది కెమెరా మీద కాదు, కాళ్ల మీద!

మౌంట్ విషయంలో ధరణికోటవాళ్లకు ఓ ప్రత్యేకమైన చిక్కుంది. భూమి అక్షం చూపే ధ్రువనక్షత్రం వైపు మౌంట్‌ను వంచి పెట్టాలి. ధరణికోటలో ధ్రువుడు కృష్ణ అవతల, ఉత్తరాన పదహారున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చెయ్యి చాపి పిడికిలి పెడితే పిడికిలిన్నర! యూరప్, అమెరికాల్లోనైతే ఆయన 40, 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మౌంట్లు చాలావరకు వాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసినవే. కొన్నిటిని మన కోణానికి వంచితే బరువు తగిలించే కడ్డీ వెళ్లి స్టాండు కాలికి కొట్టుకుంటుంది. కొనేముందే దుకాణంలో పదహారు డిగ్రీలకు వంచి చూపించమనడం మంచిది.

పన్నెండు వేల బొమ్మల్లో ఒక్క బొమ్మ

టెనెంట్‌కు అయిదు నిమిషాల్లో ఆరు పలకలు. ఈ డబ్బీ కెమెరా సెకనుకు వంద బొమ్మలు తీస్తుంది. రెండు నిమిషాల్లో పన్నెండు వేలు! ఎందుకన్ని?

నిప్పుల మీది గాలిలోంచి అవతలి గోడను చూస్తే అలలు అలలుగా కదులుతుంది కదా. ఆకాశంలోని గాలి కూడా గ్రహం బొమ్మను అలాగే ఊపేస్తుంటుంది. మధ్యమధ్యలో మాత్రం రెప్పపాటు కాలం గాలి కుదుటపడి బొమ్మ నిలకడగా వస్తుంది. అలాంటి రెప్పపాట్లను ఏరుకోవడమే కిటుకు. పన్నెండు వేల బొమ్మల్లోంచి బాగున్న పదో వంతును సాఫ్ట్‌వేర్ ఏరి, ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. వంద బొమ్మలు పేరిస్తే నిజమైన వివరంతో పోల్చినప్పుడు గరుకుదనం పదో వంతుకు తగ్గుతుంది. వీడియో తీయడానికి ఫైర్‌క్యాప్చర్, ఏరి పేర్చడానికి ఆటోస్టాకర్ట్, మెరుగులు దిద్దడానికి రెజిస్టాక్స్... ఇవన్నీ ఉచితంగానే దొరుకుతాయి.

రెండు నిమిషాలే ఎందుకంటే, గురుడు పది గంటలలోపే తన చుట్టూ తాను తిరిగేస్తాడు. ఎక్కువసేపు తీస్తే ఆ తిరుగుడే బొమ్మను చెరిపేస్తుంది. ఇంకో మాట. ఆ రెండు నిమిషాల వీడియో సైజు మూడున్నర గిగాబైట్లు దాటొచ్చు. పాత లాప్‌టాప్ ముక్కి మూలిగితే తప్పు దానిది కాదు.

కెమెరా కొనకముందే చేయాల్సిన పైసా ఖర్చులేని పని ఒకటుంది. రిఫ్లెక్టర్‌లోని రెండు అద్దాలూ ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి. బండి మీద ఊరు మార్చినా, అటక మీంచి దించినా అవి పక్కకు జరుగుతాయి. మూడు మరలు తిప్పి వాటిని సరిచేసుకోవడం నేర్చుకుంటే ఉన్న టెలిస్కోపే కొత్తదానిలా పనిచేస్తుంది. అద్దం వంకరగా ఉంటే ఖరీదైన కెమెరా కూడా ఆ వంకరనే శ్రద్ధగా ఫొటో తీస్తుంది.

సూర్యుడి సంగతి పిల్లలకు ముందే గట్టిగా చెప్పాలి. గొట్టం ముందు మూతికి పూర్తిగా కప్పే సౌర ఫిల్టర్ లేకుండా టెలిస్కోపును పొరపాటున కూడా సూర్యుడి వైపు తిప్పకూడదు. కన్ను పెడితే క్షణంలో చూపు పోతుంది. కెమెరా పెడితే సెన్సర్ కాలిపోతుంది.

వేడుక నుంచి సాక్ష్యం దాకా

ఇంత తంటాపడి తీస్తే ఏమిటి లాభం? నాసా ఫొటోలు నెట్‌లో కావలసినన్ని ఉన్నాయిగా! టెన్త్ చదివే ఏ అమ్మాయి వాళ్ల నాన్నను కెమెరా అడిగినా, ఆయన నోట వచ్చే మొదటి మాట ఇదే.

దీనికి జవాబు 2016 మార్చి 17న ఆస్ట్రియాలో దొరికింది. గెరిట్ కెర్న్‌బావర్ అనే ఔత్సాహికుడు 20 సెంటీమీటర్ల రిఫ్లెక్టర్‌తో గురుడిని వీడియో తీశాడు. ఆ రాత్రి గాలి బాగాలేదని వాటిని పక్కన పడేశాడు. పది రోజుల తర్వాత తీరిగ్గా చూస్తే గురుడి అంచున చటుక్కున ఓ మెరుపు! ఆకాశంలోంచి వచ్చిన ఏదో శకలం గురుడిని ఢీకొంది. ఐర్లాండ్‌లో మరొకరు అదే సమయంలో తీసిన వీడియోలోనూ అది ఉండటంతో నిజమని తేలిపోయింది.

2021 సెప్టెంబరు 13న బ్రెజిల్‌లో హోసే లూయీస్ పెరేరాకూ అలాగే జరిగింది. ఆయనది 275 మిల్లీమీటర్ల రిఫ్లెక్టర్, దానికో డబ్బీ కెమెరా. వీడియోల్లో మెరుపుల్ని వెతికే డిటెక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కు వాటిని అప్పగించి నిద్రపోయాడు. తెల్లారి చూస్తే ‘ఢీకొన్నట్టుంది’ అని అది హెచ్చరిక పెట్టింది.

ఇలాంటి మెరుపు ఒకటి రెండు సెకన్లలో ముగిసిపోతుంది. పెద్ద పెద్ద టెలిస్కోపులు రోజంతా గురుడినే చూస్తూ కూర్చోవు. ఆ సమయానికి ప్రపంచంలో ఎక్కడ రాత్రి అయితే అక్కడివాళ్లే సాక్షులు. యూరప్‌లో ఇంకా వెలుతురు ఉండి, అమెరికాలో పగలైన గంటల్లో మన ఆకాశంలో గురుడు వెలుగుతుంటాడు. ఆ గంటల్లో డాబా మీద తీసిన రెండు నిమిషాల వీడియోకు నాసా ఫొటో బదులు కాలేదు.

తీసినవాడి కాలం దాటి పనికొచ్చిన ఫొటోలూ మనకున్నాయి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌లో సొంత డబ్బుతో మొదలుపెట్టిన అబ్జర్వేటరీ తర్వాత నిజాం ప్రభుత్వం చేతికొచ్చి నిజామియా అయింది. ఆకాశమంతటినీ ఫొటోల్లో పట్టాలని ప్రపంచంలోని ఇరవై దాకా అబ్జర్వేటరీలు వాటాలు పంచుకున్నప్పుడు అందులో ఓ వాటా నిజామియాకు దక్కింది. అక్కడివాళ్లు ఏళ్ల తరబడి గాజుపలకల మీద ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల చోట్లు కొలిచి పుస్తకాలు వేశారు. తర్వాత చాలాకాలం వాటి ఊసెత్తినవారు తక్కువ. 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రాల కదలికలు లెక్కకట్టాల్సి వచ్చినప్పుడు ఆ పాత కొలతలే అక్కరకొచ్చాయి. వందేళ్ల కిందట ఎక్కడుందో తెలిస్తేనే కదా, ఇప్పటికి ఎంత జరిగిందో తెలిసేది!

ఆ నిజామియాలో పనిచేసిన ఓ ఉద్యోగి కొడుకు తండ్రి వెంట టెలిస్కోపుల మధ్య పెరిగాడు. హైదరాబాద్ ప్రభుత్వం ఇచ్చిన ఉపకారవేతనంతో హార్వర్డ్‌కు వెళ్లాడు. 1949లో అక్కడ తీసిన ఫొటో పలకలో కొత్త తోకచుక్కను పట్టుకున్నాడు. ఆయనే వేణు బప్పు. ఇంట్లో ఉన్న టెలిస్కోపు ఏ పిల్లవాడిని ఎక్కడిదాకా తీసుకెళ్తుందో ముందే ఎవరు చెప్పగలరు?

ధరణికోట డాబా మీద

కెమెరా కొన్నాక మొదటి నెలంతా చందమామతోనే గడిపితే మంచిది. సప్తమి, అష్టమి నాటి చంద్రుడైతే గుంటల నీడలు పొడుగ్గా పడి బొమ్మ బాగా వస్తుంది. పౌర్ణమి నాడు నీడలుండవు, అంతా తెల్లటి పళ్లెమే. తర్వాత గురుడు. ఆయన పదమూడు నెలలకోసారి భూమికి దగ్గరగా వస్తాడు. ఆ తర్వాతే మిగతావి.

ధరణికోటకు తూర్పున రాజధాని ప్రాంతం, విజయవాడ. దక్షిణాన గుంటూరు. ఆ రెండు దిక్కులా దీపాల కాంతి. మసక మసక నెబ్యులాలకు ఆ వెలుతురు శత్రువే. చంద్రుడికీ గ్రహాలకూ మాత్రం దాంతో పనిలేదు, నగరం నడిబొడ్డున ఉన్న డాబా కూడా చాలు. వానాకాలం మబ్బులు వదిలాక, ఏటి గాలి తగ్గిన రాత్రులు ఎంచుకోవాలి. చలికాలం తెల్లవారుజామున కృష్ణ మీంచి వచ్చే మంచు అద్దం మీద పేరుకోకముందే మూత పెట్టేయాలి. టెలిస్కోపును గంట ముందే బయట పెడితే అద్దం చల్లబడి బొమ్మ నిలకడగా ఉంటుంది.

తీసిన ప్రతి వీడియో పక్కనా తేదీ, సెకన్లతో సహా సమయం, ఊరి పేరు రాసిపెట్టుకోవాలి. బాగా రాలేదని ఏదీ చెరిపేయకూడదు. కెర్న్‌బావర్ చెరిపేసి ఉంటే ఆ మెరుపు ఆయన చేజారేదే.

ఇక కొనాలా, వద్దా అన్న మొదటి ప్రశ్న. గ్రహాలు, చంద్రుడు చాలనుకుంటే, ఫోకసర్‌లో ఐపీస్‌లా ఇమిడే చిన్న డబ్బీ కెమెరా, లెక్కకు సరిపడే బార్లో, ఇంట్లో ఉన్న లాప్‌టాప్. అంతకుమించి మొదటి ఏడాది ఏమీ కొననక్కర్లేదు. లెక్క కుదరకపోతే మాత్రం ఎంత తక్కువ ధరకు వస్తున్నా వద్దనడమే మంచిది. తక్కువకు వచ్చిందని కాలికి పట్టని చెప్పులు కొనం కదా!

గుంటూరులో టెనెంట్‌కు మబ్బు పట్టిన అయిదు నిమిషాలే దొరికాయి. ధరణికోటలో ఇవాళ మబ్బు పడితే రేపుంది, ఎల్లుండుంది. కావలసింది మరో ఖరీదైన వస్తువు కాదు, పది రాత్రుల ఓపిక. అది ఉన్న ఇంట్లో అటక మీద పాత సామాన్లకు చోటు మిగులుతుంది!